పాకుడు మీద మా బావ యుద్ధం

మా బావకి తెలియని విషయం ఈ లోకంలో లేదని మొట్టమొదట నమ్మినవాడు మా బావే. తరవాత ఇంకెవరైనా నమ్మారో లేదో నాకు తెలియదు గానీ, ఆ లోటు ఆయనకి ఎన్నడూ తెలిసిరాలేదు.

అక్కతో పెళ్ళయ్యేనాటికి ఆయన నేల తుడిచే మందు అమ్మే కంపెనీలో పనిచేసేవాడు. గుమ్మం గుమ్మం ఎక్కి, గచ్చు మీద తనే ఇంత మసి పోసి, మందు చల్లి, గుడ్డతో ఒక్క ఊపు ఊపి, "చూశారామ్మా, మా మందు పడ్డాక క్రిమి అన్నది బతకదు" అనేవాడు. ఆ ఒక్క వాక్యమే ఆయన చదువు, అనుభవం, జీవితసత్యం. ఆ మాట పట్టుకునే ఊరి మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటులో మందుల స్టోరులో చేరాడు. పెద్ద సారు దగ్గితే నీళ్ళు, తుమ్మితే రుమాలు అందించి, చివరికి ప్లాంటు మొత్తానికి ప్రాణంలాంటి మెంబ్రేన్ హాలుకి ఇన్‌చార్జి అయ్యాడు. పని నేర్చుకుని అందులోకి వచ్చినవాళ్ళు ఆయన కింద ఉండిపోయారు.

అందరూ ఆయన్ని బ్లీచింగ్ సారు అనేవాళ్ళు. అది వెక్కిరింత అని ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఆయన మాత్రం దాన్ని బిరుదులా భుజాన వేసుకుని తిరిగేవాడు.

ఇంట్లోనూ అదే వరస. గుమ్మంలో అడుగు పెట్టగానే బ్లీచింగ్ వాసన ముక్కుపుటాలు మండించేది. కూరగాయలు కడిగే తొట్టె అంచున వేలు రాసి, ఆ వేలు వెలుగులో తిప్పి చూసి, "ఇదేమిటే? పాకుడు!" అని కేకేసేవాడు. అక్క మారు మాట్లాడకుండా మళ్ళీ తోమేది. ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ పొట్టు లేచి ఉండేవి. ఉప్పు పట్టుకుంటే మంట అనేది. "చేతికి తొడుగు వేసుకో" అని సలహా పారేసి ఆయన పేపరు చదువుకునేవాడు. ఆ తొడుగు కొనిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఆయనకి ఏనాడూ రాలేదు.

నాకు ప్లాంటులో షిఫ్టు ఆపరేటరు ఉద్యోగం ఆయన మాటసాయంతోనే వచ్చింది. ఆ సంగతి నేనెక్కడ మరిచిపోతానో అని ఆయనకి బెంగ. అందుకని పదిమందిలో ఉన్నప్పుడల్లా గుర్తుచేసేవాడు. ప్లాంటులో నేను "బావా" అనకూడదు, "సార్" అనాలి. ఇంట్లో పొరపాటున "సార్" అన్నా ఆయన సరిచేసేవాడు కాదు.

మా మెంబ్రేన్ హాలు చూడడానికి ముచ్చటగా ఉంటుంది. పొడుగాటి తెల్లటి గొట్టాలు వరసమీద వరస, గోడకి ఆనించి పేర్చిన దుంగల్లా పడుకుని ఉంటాయి. ఒక్కో గొట్టంలో కాగితం కన్నా పల్చటి పొరలు చాపచుట్టలా చుట్టి ఉంటాయి. మెంబ్రేన్ అంటే ఆ పొరే. మురుగునీరు ముందు తొట్టెల్లో తేరుకుని, గాలి ఊదే తొట్టెల్లో మంచి క్రిముల చేత సగం శుభ్రమై, ఇసుక ఫిల్టర్లు దాటి, చివరికి ఇక్కడికి వస్తుంది. పంపులు దాన్ని బలంగా నెడతాయి. నీరు పొరలోంచి అవతలికి పోతుంది, ఉప్పు ఇవతలే ఆగిపోతుంది. ఆ శుభ్రమైన నీరే పక్కనున్న అద్దకం మిల్లుకి వెళుతుంది. వాళ్ళ రంగులకి ఉప్పులేని నీరు కావాలి.

చిక్కల్లా ఎక్కడంటే, ఎన్ని తొట్టెలు దాటి వచ్చినా ఆ నీటిలో కంటికి కనపడని క్రిములు కొన్ని మిగులుతాయి. అవి పొర మీద దిగుతాయి. దిగినవి ఊరుకోవు. ఒంట్లోంచి జిగురు వదిలి, దాన్ని కప్పుకుని, కింద కాపురం పెడతాయి. అదే పాకుడు. చెరువుమెట్టు మీదయితే కాలు జారుతుంది, ఇక్కడ నీటికి దారి మూసుకుపోతుంది. పంపులు మూలుగుతాయి, ప్రెషరు మీటరు ముల్లు పైకి పాకుతుంది, అవతల నీటి ధార సన్నబడుతుంది.

ఆ ఏడాది ఎండలు ముదిరేసరికి పాకుడు విజృంభించింది. కారణం వెతుక్కోవలసిన అవసరం లేదు. ఇసుక ఫిల్టర్లని తరచుగా వెనక్కి నీరు పంపి కడగాలి. మా బావ "ఎందుకు నీళ్ళు దండగ?" అని ఆ కడుగుడు తగ్గించేశాడు. దానివల్ల మిల్లుకి పంపే నీరు ఎక్కువ కనపడింది, పెద్ద సారు "శభాష్" అన్నాడు. ఇసుకలో ఆగవలసిన మురికంతా తిన్నగా వచ్చి పొరల మీద క్రిములకి విందు అయింది.

ల్యాబులో కొత్తగా చేరిన మేడమ్ ఈ సంగతి మొదటి వారంలోనే పట్టేసింది. క్రిముల మీదే పెద్ద చదువు చదివి వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడేది, మాట్లాడినప్పుడు తిన్నగా విషయానికి వచ్చేది. ఒక ఉదయం హాలులోకి వచ్చి బావతో చెప్పింది.

"సార్, ఫిల్టర్లు కడగడం మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ క్రిముల్ని చంపుతూ కూర్చోలేం. వాటికి తిండి అందకుండా చేయాలి."

బావ నా వైపు చూసి కన్నుగీటాడు. "విన్నావా? క్రిములకి ఉపవాసం పెట్టాలట!"

"ప్రెషరు కాస్త పెరగగానే పొరల్ని కడగాలి. ఇంతదాకా ఆగకూడదు. ముందు క్షారం, తరవాత ఆమ్లం. పాకుడు లేతగా ఉన్నప్పుడే ఊడుతుంది, ముదిరితే పట్టు వదలదు."

"అమ్మా, నేను క్రిముల్ని చంపడం మొదలుపెట్టేటప్పటికి మీరు పలక పట్టుకుని తిరుగుతున్నారు. క్లోరిన్ పెంచుతా. దెబ్బకి అన్నీ చస్తాయి."

"పొరకి క్లోరిన్ పడదు సార్. అందుకే కదా పొర ముందు విరుగుడు కలుపుతున్నాం."

ఆ విరుగుడు గురించి చెప్పాలి. దారిలో పైపుల్లో పాకుడు పట్టకుండా నీటిలో క్లోరిన్ కలుపుతారు. కానీ అదే క్లోరిన్ పొర దాకా వస్తే పొరని కొరికేస్తుంది. కాబట్టి పొరల గుమ్మం దగ్గర చిన్న పంపుతో ఇంకో మందు కలిపి క్లోరిన్‌ని విరిచేస్తారు. ఆ పంపు హాలు మూలలో టిక్కు టిక్కుమంటూ పనిచేసేది.

"ఇంకో మాట సార్," అంది మేడమ్. "క్లోరిన్ మురుగులోని పెద్ద పదార్థాల్ని చిన్న ముక్కలు చేస్తుంది. చావకుండా మిగిలిన క్రిములకి అది నమిలి నోట్లో పెట్టినట్టే. ఇంకా బలుస్తాయి."

బావ ఫక్కున నవ్వాడు. ఆమె వెళ్ళిపోయాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. "నమిలి నోట్లో పెట్టినట్టేనట!" అని టీ కొట్టు దగ్గర కూడా చెప్పి నవ్వాడు. తనకి అర్థం కానిదాన్ని చూసి నవ్వడం ఆయనకి ఊపిరి పీల్చుకున్నంత తేలిక.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను షిఫ్టులో ఉన్నాను. ఫోన్ మోగింది. అవతల పళ్ళెంలో చెంచా చప్పుడు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్న బావ గొంతు.

"ఒరేయ్, ఆ విరుగుడు పంపు ఆపేయ్."

"ఆపితే క్లోరిన్ లోపలికి పోతుంది కదా సార్?"

"పోవాలనే కదరా ఆపమంటున్నది! పొర మీద కూర్చున్న క్రిమిని గుమ్మం బయట నుంచి కొడతావా?"

"ల్యాబు మేడమ్‌కి ఒక మాట..."

"హాలుకి ఇన్‌చార్జి ఆవిడా, నేనా? ఆపు. వాల్వు కూడా కట్టేయ్. అలారం మోగితే దాని వైరు పీకెయ్."

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "భోజనం చేస్తూ ఏమిటండీ ఆ కేకలు?"

పంపు ఆపాను, వాల్వు కట్టాను. అలారం వైరు మాత్రం ముట్టుకోలేదు. మర్నాడు ఆయనే వచ్చి తన చేత్తో పీకాడు. నేను ల్యాబుకి వెళ్ళి జరిగింది చెప్పాను. మేడమ్ లేచి తిన్నగా పెద్ద సారు గదిలోకి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగానే బయటికి వచ్చింది. "ఫలితం చూసి మాట్లాడదాం అన్నారు," అంది.

ఫలితం వచ్చింది. అదీ చూడముచ్చటగా వచ్చింది. కొన్నాళ్ళకే ప్రెషరు ముల్లు కిందికి దిగడం మొదలుపెట్టింది. నీటి ధార లావెక్కింది. మా బావ కళ్ళు నెత్తికెక్కాయి. మీటర్ల ముందు నిలబడి, ఎవరు అటుగా పోతున్నా పిలిచి చూపించేవాడు. ఊడ్చే మనిషిని కూడా వదల్లేదు. పెద్ద సారు పైవాళ్ళకి గొప్పగా రాసుకున్నాడు. ఒక సాయంత్రం మీటింగు పెట్టి, చప్పట్ల మధ్య బావకి గాజు షీల్డు ఇచ్చాడు. బావ ప్రసంగించాడు కూడా. "కొందరు పుస్తకాలు చదివి భయపడతారు, మనం చేసి చూపిస్తాం" అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమందికి మెంబ్రేన్ అంటే ఏమిటో తెలియదు. తెలిసిన సగం తలవంచుకుని కొట్టారు. ఎవరు ఎక్కువ సిగ్గుపడాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

మేడమ్ చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడి, "శుద్ధిచేసిన నీటిలో ఉప్పు పెరుగుతోంది. అది కూడా చెబితే బాగుండేది," అంది. "జల్లెడలో నీళ్ళు పోసి, ఎంత జోరుగా దిగుతున్నాయో అని మురిసిపోతున్నాం."

బావ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "మీటరు పాడైంది. మారుస్తాం," అన్నాడు.

నిజంగానే మార్పించాడు. కొత్త మీటరు పాతదానికన్నా ఎక్కువ ఉప్పు చూపించింది. "ఇది కూడా దొంగ సరుకే," అన్నాడు. ఇంకొకటి తెప్పించేలోగా అద్దకం మిల్లు మేనేజరు కారు మా గేటు ముందు ఆగింది.

చంకలో గుడ్డ తానుతో దిగాడు. మాటా పలుకూ లేకుండా పెద్ద సారు బల్ల మీద కాగితాలన్నీ పక్కకి నెట్టి ఆ తానుని విప్పి పరిచాడు. ముదురు నీలం వేయవలసిన గుడ్డ. ఒకచోట నీలం, ఒకచోట బూడిద, మధ్యలో బొల్లి మచ్చల్లా తెల్లటి మరకలు.

"ఇది మీ నీళ్ళ నిర్వాకం," అన్నాడు. "గోడౌను నిండా ఇదే ఉంది. ఏం కట్టుకోమంటారు దీన్ని?"

బావ గుడ్డ అంచు పట్టుకుని చూసి, "మీ రంగులో లోపం అయ్యుంటుంది," అన్నాడు.

మిల్లు మేనేజరు ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. సమాధానం చెప్పవలసినంత మనిషి కాదనుకున్నాడేమో, పెద్ద సారు వైపు తిరిగి, "ఇవాళ్టి నుంచి మీ నీళ్ళు మాకొద్దు," అని వెళ్ళిపోయాడు. గుడ్డ బల్ల మీదే ఉండిపోయింది.

అప్పుడు గానీ గొట్టం విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. మేడమ్ అడిగింది, ఈసారి పెద్ద సారు కాదనలేకపోయాడు. ఫిట్టరు, నేను కలిసి ఒక గొట్టంలోంచి చుట్టని బయటికి లాగాం. కుళ్ళిన ఆకుల వాసన గుప్పుమంది. ఫిట్టరు రంపంతో దాని పైతొడుగు కోసి, చుట్ట విప్పి రేకు మీద పరిచాడు. చుట్టూ పెద్ద సారు, మేడమ్, బావ, ఇంకో నలుగురు.

పొర వేలితో తాకితే పొట్టులా రాలిపోయింది. మేడమ్ దాని మీద రంగునీళ్ళు పోసింది. మంచి పొర అయితే రంగు పైనే నిలబడాలి. ఇది చీమలపుట్టలా పీల్చేసుకుంది. వెనక్కి తిప్పితే అంతటా చుక్కలు చుక్కలుగా రంగు. ఇక మడతల మూలల్లో, క్లోరిన్ అందని సందుల్లో, గోధుమరంగు పాకుడు మందంగా, తడిగా, నిగనిగలాడుతూ ఉంది. మేడమ్ దూదితో కొంచెం తీసి ల్యాబులో పెట్టింది. మర్నాటికల్లా అది గాజుపళ్ళెం నిండా పెరిగింది.

పొర చచ్చింది. పాకుడు బతికింది. మా బావ యుద్ధఫలితం అది.

రేకు ముందు నిలబడి ఆయన ఆ పాకుడుని చూశాడు. వేలు చాచి, దాన్ని తాకబోయి ఆగాడు. ఆ ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలి కలిగింది. జీవితాంతం చెప్పుకుంటూ వచ్చిన ఒకే ఒక్క వాక్యం కళ్ళముందు అబద్ధమైపోతే ఎవరికైనా కష్టమే. "తప్పయింది" అని ఒక్క మాట అని ఉంటే, ఆయన చేసినవన్నీ మరిచిపోయేవాణ్ణి.

ఆయన నోరు తెరిచాడు. "ఆ విరుగుడు పంపు ఎవరు ఆపారో ముందు అది తేల్చండి," అన్నాడు. అని, నా వైపు చూశాడు.

నా జాలి అక్కడికక్కడే ఆవిరైపోయింది.

విచారణ అన్నారు. పెద్ద సారు గదిలో పైనుంచి వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు, మేడమ్, బావ, నేను. బావ ఇస్త్రీ మడత నలగని చొక్కాతో కూర్చుని, నిదానంగా, బాధపడుతున్నట్టు మొహం పెట్టి చెప్పాడు. "మా బామ్మర్దే. నేనే ఉద్యోగం ఇప్పించాను. కుర్రతనం. అడగకుండా వాల్వు కట్టేశాడు. ఇంటిమనిషి కదా అని ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను."

"మీరే ఫోన్ చేసి చెప్పారు," అన్నాను.

"ఎప్పుడు? నాకు గుర్తులేదే. ఆదివారం నేను డ్యూటీలోనే లేను కదా."

నేను తనకి ఆ మర్నాడే చెప్పానని మేడమ్ అంది. "వాడు మీతో చెప్పుకున్న కథ అది," అన్నాడు బావ. ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నన్ను ఇంటికి పంపేయడం వాళ్ళకి అన్నిటికన్నా తేలిక పని అని నాకు ఆ చూపులోనే అర్థమైంది.

ఇంటికి వెళ్ళి అక్కకి చెప్పాను. ఆమె తొట్టె దగ్గర గిన్నెలు తోముతోంది. ఆపలేదు. చివరి గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, "మళ్ళీ ఎప్పుడు కూర్చుంటారు వాళ్ళు?" అని మాత్రం అడిగింది.

మర్నాడు విచారణ మధ్యలో అక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. బావ కుర్చీలోంచి సగం లేచాడు. "నువ్వెందుకొచ్చావే?"

పెద్ద సారు ఇబ్బందిగా నవ్వాడు. "అమ్మా, ఇది ఆఫీసు వ్యవహారం. ఇంటి విషయాలు ఇక్కడ..."

"ఆ వాల్వు సంగతి మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే తేలింది సార్. అందుకే వచ్చాను," అంది అక్క. "ఆదివారం మధ్యాహ్నం ఈయన ఫోన్ చేసి పంపు ఆపెయ్, వాల్వు కట్టెయ్, వైరు పీకెయ్ అని కేకలేశారు. వాడు వద్దంటున్నాడని నాకు ఈయన తిట్లని బట్టే తెలిసింది. నేను వడ్డిస్తున్నాను అప్పుడు."

"నీకేం తెలుసని మాట్లాడుతున్నావ్!"

"పంపులూ పొరలూ నాకేం తెలియవు. మీరు తెలుసు." ఆమె గొంతు కొంచెం కూడా పెంచలేదు. "నా తోడబుట్టినవాడి మీద నెట్టేసి ఇంటికొచ్చి, రాత్రి హాయిగా భోంచేసి, చారులో ఉప్పు తక్కువైందన్నారు. అప్పుడు అనుకున్నాను, రావాలని."

ఒక ఆఫీసరు నీళ్ళగ్లాసు ఎత్తి తాగకుండానే దించాడు. బావ మొహం తెల్లబోయింది. అక్క నా వైపు కూడా చూడకుండా బయటికి నడిచింది.

ఇంత జరిగాక ఆయన్ని పంపేశారనుకుంటారేమో. అలా జరగాలంటే షీల్డు ఇచ్చిన చేతులకి కూడా మసి అంటాలి. పెద్ద సారు ఆ చేతుల్ని శుభ్రంగా ఉంచుకోదలిచాడు. పొరల నాణ్యత, ఎండలు, సమాచారలోపం, ఇలా ఎవరికీ తగలని మాటలు కొన్ని పేర్చి విచారణ ముగించారు. నా ఉద్యోగం నిలిచింది. బావని హాలులోంచి తీసి శిక్షణ విభాగంలో వేశారు. కొత్తగా చేరేవాళ్ళకి మెంబ్రేన్ల సంరక్షణ మీద పాఠాలు చెప్పే పని! నవ్వాలో ఏడవాలో తెలియక ఫిట్టరు, నేను ఆ రోజు పని మానేసి గోడకి ఆనుకుని కూర్చున్నాం.

హాలు మేడమ్ చేతికి వచ్చింది. ఆమె చేసినది వినడానికి గొప్పగా ఏమీ ఉండదు. కొత్త పొరలు వేయించింది. ఇసుక ఫిల్టర్లు వేళకి కడిగించింది. గాలి తొట్టెల్లో నీటిని తొందరపెట్టకుండా క్రిముల్ని కడుపునిండా అక్కడే తిననిచ్చింది, ఇక్కడికి వచ్చేసరికి నీటిలో వాటికి ఏమీ మిగలకుండా. ప్రెషరు ఏ కాస్త పెరిగినా ఆగకుండా కడిగించేది. పాకుడు పూర్తిగా పోలేదు. "పోదు," అని ఆమె కూడా అనేది. "చెప్పుచేతల్లో ఉంటే చాలు." కొన్ని నెలలకి మిల్లు మళ్ళీ మా నీళ్ళు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆమెకి ఎవరూ షీల్డు ఇవ్వలేదు. మీటింగు కూడా పెట్టలేదు.

అక్క ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన తొట్టె అంచున వేలు రాసి కేకేస్తే, తోముడు పీచు ఆయన చేతిలో పెట్టి అవతలికి వెళ్ళిపోయేది. మొదట్లో రంకెలు వేశాడు. తరవాత తోమడం నేర్చుకున్నాడు. సరిగ్గా తోమడని అక్క చెబుతుంది.

మొన్న నన్ను ఆ శిక్షణకి పంపారు. పాతవాళ్ళు కూడా ఒకసారి వినాలట. వెనకబెంచీలో కూర్చున్నాను. బావ తెర ముందు నిలబడి, చేతిలో కర్రతో బొమ్మలు చూపిస్తున్నాడు.

"క్రిముల్ని చంపుతూ కూర్చోలేం," అంటున్నాడు. "తిండి అందకుండా చేయాలి. పాకుడు లేతగా ఉన్నప్పుడే కడగాలి. క్లోరిన్ ఏం చేస్తుంది? మిగిలిన క్రిములకి నమిలి నోట్లో పెడుతుంది."

అక్షరం పొల్లుపోకుండా మేడమ్ మాటలే. ఆమె పేరు ఎక్కడా రాలేదు. పైగా, "వెనకటికి ఇక్కడ ఒక మూర్ఖుడు ఉండేవాడు. విరుగుడు పంపు ఆపేసి పొరలన్నీ నాశనం చేశాడు," అని కథ కూడా చెప్పాడు. రసవత్తరంగా చెప్పాడు. అందరూ నవ్వారు.

ముందు వరసలో కూర్చున్న అమ్మాయి అడిగింది. "ఎవరు సార్ ఆయన?"

"పేర్లెందుకులే అమ్మా," అన్నాడు పెద్దమనసుతో. ఆ క్షణంలో ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో సిగ్గు ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఆ మూర్ఖుడు ఎవరో ఆయనే నిజంగా మరిచిపోయాడు, లేదా నేనే అని నమ్ముతున్నాడు.

క్లాసు అయ్యాక అందరూ టీకి వెళ్ళారు. బావ వైర్లు చుట్టుకుంటూ, "ఎలా ఉందిరా పాఠం?" అన్నాడు.

"మాటలు బాగున్నాయి బావా. మేడమ్‌కి వినిపించండి ఒకసారి."

"ఆవిడకెందుకు? ఆవిడకి తెలుసుగా," అన్నాడు చాలా మామూలుగా. "సరేగానీ, ఆ ప్రొజెక్టరు కాస్త నా కారు దాకా మోసుకురా."

ప్రొజెక్టరు బల్ల మీదే ఉంది. నేను నా సంచి భుజాన వేసుకుని, షిఫ్టుకి వేళవుతోందని చెప్పి, హాలు వైపు నడిచాను.